నాడె

షార్జాల సజ్జా ఇండస్ట్రియల్ ఏరియా.
టార్పాలిన్ల గోదాము ఎనక
లారీలు మలుపుకునే ఖాళీ జాగ.
ఓ శుక్రారం, అసర్ నమాజు అయినంక,
గుండేటి శంకరయ్య సేటు
సంచిలకెల్లి ఓ బంతి తీసిండు.

బంతంటే గుండ్రంగ ఉంటదనుకున్నం.
ఇది రెండు దిక్కుల సూదిగ,
ఖర్జూరం బలిసినట్టు.
పెషావర్ డ్రైవర్ గుల్జమాన్ తన్ని చూసిండు,
అది చెప్పిన దిక్కు పోలే.
సేటు దాన్ని అరచేతుల పెట్టుకొని
చానాసేపు చూసిండు.
"నాడెరా ఇది" అన్నడు.
"సిరిసిల్లల మా నాయిన మగ్గం మీద
ఇటునుంచి అటు ఉరికిన నాడె."

అమెరికా ఇంజనీరు ఒకాయన
మూడువేల దిర్హాములు బాకీ ఉండి
ఈ బంతి, ఓ రూల్సు పుస్తకం ఇచ్చి ఇమానమెక్కిండట.
బాకీ మునిగిందన్నం మేం.
వడ్డీతోని వచ్చిందన్నడు సేటు.

సున్నంతోని అడ్డగీతలు గీసినం, పది గజాలకొకటి.
"పడుగు పడ్డది, ఇగ పేక మీరే" అన్నడు.
పరంజీ టోపీలకు ఇనుపజాలి వెల్డింగ్ చేసినం.
భుజాలకు టార్పాలిన్ ముక్కలు, లోపట స్పంజి.
దూరం నుంచి చూస్తే
బస్తాలకు కాళ్లొచ్చి కొట్లాడుతున్నట్టు ఉండె.

ఆట అయినంక టేబుల్ ఏసుకొని కూసున్నడు.
ఖాకీ కవర్లు.
కంపెనీల నేను రెండువేల నూటపద్నాలుగు.
కవరు మీద తెలుగుల, ఇంటిపేరుతోని సహా:
బొమ్మెన లచ్చయ్య. డెబ్బై ఐదు.
"ఆడుకుంటే పైసలేంది సేటూ?"
"ఆడుకుంటే కాదురా,
ఆడితే."

మూడో నెల
అల్ కూజ్ మేస్త్రి జోసుకుట్టి ఇంకో జట్టు పెట్టి
గుల్జమాన్‌కు నూటయాభై ఇస్తనన్నడు.
గుల్జమాన్ పోయిండు.
రాత్రంత క్యాంపుల లొల్లి,
ఉప్పు తిన్నోడు గిట్ల చేస్తడా అని.
సేటు చాయ్ ఊదుకుంట నవ్విండు:
"ధర లేని సరుకును ఎవడెత్కపోతడు?
ఇగ అంగడి మొదలైంది."

మీది బంకు మీద నాకు నిద్ర పట్టలే.
వీసాకు లక్షా ముప్పై వేలు.
నన్ను కొన్నోడు కట్టలే, నేనే కట్టిన.
ఇగ ఇప్పుడు ఎవడో ఒకడు
నా కాళ్ల కోసం జేబుల చెయ్యి పెట్టిండు.
సంతోషపడాల్నా, సిగ్గుపడాల్నా
తెల్లారే బస్సు హారన్ దాంక తేలలే.

రెండు దిర్హాముల టికెట్టు పెట్టిండు సేటు.
ఎవ్వరు కొనలే.
లారీల మీదికెక్కి ఉత్తగనే చూసిండ్రు,
ఈలలు మాత్రం దండిగ కొట్టిండ్రు.
మునిసిపాలిటీ మనిషి పర్మిట్ అడిగిండు.
జూన్‌ల గాడ్పు లేసింది.
ఫోర్క్‌లిఫ్టు అమ్మి
ఆఖరి కవర్లు పంచిండు సేటు.
నా కవర్ల అయిదు ఎక్కువే ఉన్నయి.

అందరు ఆయన్ను దేవుడంటరు. నేననను.
మోకాలు ఇరిగిన సెల్వానికి
దవాఖాన బిల్లు కట్టిండు, నిజమే.
మంచంల ఉన్న రెండు నెలల జీతం కట్టలే.
ఇదీ రాయాలె.

సేటు పోయినంక లెక్కల పుస్తకం నా చేతికొచ్చింది.
సున్నం నాలుగు బస్తాలు, నిమ్మకాయలు,
జాలి వెల్డింగ్ పదకొండు టోపీలకు,
గుల్జమాన్ పేరు మీద ఒక్కటే గీత,
మెల్లగ, కాయితం చినగకుంట.
ఆఖరి పేజీల "రావాల్సింది" కింద ఏం లేదు.
"ఇయ్యాల్సింది" కింద
సెల్వం, రెండు నెలలు.
కొట్టెయ్యలే.

గోదాములకు ఇప్పుడు వేరే సేటు.
బంతి ఇంకా టార్పాలిన్ల కిందనే ఉన్నది,
గాలి దిగి, మొనలు మెత్తవడి.
ఒక దిక్కు నొక్కితే
రెండో దిక్కు జరంత ఉబ్బుతది.